ఆయన మోకాలు, నా ఎనిమిది మంది

ఏప్రిల్ 6

యాభై ఏళ్ళు వచ్చాక డైరీ మొదలుపెట్టడమేమిటని నాకే నవ్వొస్తోంది. కానీ ఈ సంగతి చిన్నక్కకు చెబితే మధ్యాహ్నానికల్లా ఆస్పత్రి అంతా చుట్టి వస్తుంది. మా ఆయనకు చెప్పుకుందామంటే సంగతి ఆయన గురించే. దేవుడికి చెప్పాను. ఎప్పటిలాగే ఓపిగ్గా విన్నాడు గానీ, బాస్కెట్‌బాల్ విషయంలో దేవుడికి ఫలానా అని ఒక అభిప్రాయం ఉన్నట్టు తోచలేదు. అందుకని పెన్ను పట్టాను.

జరిగింది ఇది. మా ఆస్పత్రి కుట్టు గదిలో మేం ఆడవాళ్ళం ఆపరేషన్ గౌన్లు, దుప్పట్లు, దిండు గలేబులు కుడతాం. పై అంతస్తులో ఎక్స్‌రేలు తీసే అతన్ని అందరూ ఎక్స్‌రే అనే పిలుస్తారు. ఏటా బాస్కెట్‌బాల్ ప్లేఆఫ్‌లు మొదలయ్యే ముందు అతనొక పోటీ పెడతాడు. ఎనిమిది జట్లు ఆడతాయి. ఏ జట్టు నుంచైనా సరే, మనం ఎనిమిది మంది ఆటగాళ్ళను ఏరుకుని కాగితం మీద రాసివ్వాలి. వాళ్ళు నిజం ఆటలో ఎంత బాగా ఆడితే మనకు అన్ని పాయింట్లు. ఫైనల్‌కి ముందు ఒక్కరిని మాత్రం మార్చుకోవచ్చు. డబ్బు పందెం లేదు. గెలిచినవాళ్ళు తమ సెలవుల వారాన్ని అందరికంటే ముందు కోరుకోవచ్చు, అంతే.

ఈ రోజు టీ దగ్గర అతను, "కుట్టు గదివాళ్ళు ఈ ఏడైనా ఆడతారా అక్కా? లేక బంతి గుండ్రంగా ఉంటుందన్న దగ్గర్నుంచి మొదలెట్టి చెప్పాలా?" అన్నాడు.

చిన్నక్క మా అందరికంటే పెద్దది, అయినా పేరు చిన్నక్కే. గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది. "ఒరేయ్, దీని మొగుడు ఇరవయ్యేళ్ళు రిఫరీ చేశాడు. రాసుకో దీని పేరు!"

నేను నోట్లో నాలుక లేనిదాన్ని. "వద్దులే అక్కా" అనేలోపే రాసేసుకున్నాడు.

అసలు చిక్కు ఇంట్లో ఉంది. ఇంట్లో ఆ ఆట పేరెత్తడానికి లేదు. ఆయన ప్రెస్సులో పనిచేస్తూ, సాయంత్రాలు బడిపిల్లల ఆటలకు ఈల మెడలో వేసుకుని వెళ్ళేవారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక రిఫరీల సంఘం వాళ్ళొచ్చి, "ఇక విశ్రాంతి తీసుకోండి మాస్టారూ" అని ఒక గోడ గడియారం ఇచ్చి వెళ్ళారు. అది ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. అప్పట్నుంచి ఉలకరు, పలకరు. వ్యాయామం చేయించడానికి మా ఆస్పత్రి ఫిజియో అమ్మాయి ఇంటికి వచ్చి మోకాలు వంచమని బతిమాలితే, "వంచి ఎక్కడికి పోవాలమ్మా?" అంటారు. పోయినసారి ఆ అమ్మాయి నన్ను గుమ్మం బయటికి పిలిచి, "ఆంటీ, ఇప్పుడు వంగకపోతే అది కర్రలా బిగుసుకుపోతుంది. మళ్ళీ కొయ్యాల్సి వస్తుంది" అంది.

రోజూ నా ప్రార్థన ఆ మోకాలి గురించే. ఇప్పుడు మధ్యలో ఈ బంతి గొడవ.

ఏప్రిల్ 7

ఎనిమిది మందినీ నేనే ఎంచాను. ప్రార్థన చేసి మరీ.

ఏప్రిల్ 8

ఆటగాళ్ళ పేర్లు నాకు నోరు తిరగవు. చొక్కా రంగుతో, మనిషి వాలకంతో గుర్తు పెట్టుకున్నాను. బుట్టలో బంతి పడ్డప్పుడల్లా వేలు పైకెత్తి దేవుణ్ణి చూపించే ఊదా జట్టు కుర్రాడు. ఆట అవగానే వాళ్ళమ్మకు ఫోన్ చేస్తాడని పేపర్లో రాసిన ఎర్ర జట్టు అతను. ఆకుపచ్చ జట్టులో ఒంటెలాంటి పొడుగతను, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉంటాడు, జాలేసింది. మిగతావాళ్ళూ ఇలాంటి మంచివాళ్ళే.

సాయంత్రం ఆయన బఠాణీలు ఒలుస్తున్నారు. నేను పేపరు చూస్తూ నాలో నేనే, "ఈ ఒంటె ఒక్కో ఆటలో నలభై పాయింట్లు వేస్తాడట" అన్నాను.

"ఎవడు?"

ఆ గొంతు విని ఉలిక్కిపడ్డాను. ఫొటో చూపించాను.

"వాడా? వాడు వేసేది పన్నెండు. వాడి పని వెయ్యడం కాదు, ఎవరో వేస్తే గురి తప్పిన బంతిని గాల్లో పట్టుకోవడం. రీబౌండ్ అంటారు దాన్ని. నలభై అట, నలభై!"

గింజలు చెత్తలోకీ, తొక్కలు గిన్నెలోకీ వేశారు. ఆపరేషన్ తర్వాత ఆయన ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదలు.

నేను నిజంగా తెలియకే అన్నాను. దేవుడు సాక్షి.

ఏప్రిల్ 9

ఈ రోజు కూడా తెలియకే అన్నాను. దాదాపు తెలియకే.

ఏప్రిల్ 10

ఆయనకు తప్పు మాట వింటే ఒంటికి చీమలు పాకినట్టుంటుంది. ముప్ఫయ్యేళ్ళు కాపురం చేసి ఈ కిటుకు ఇప్పుడు కనిపెట్టాను.

పోటీలో నేనున్నానని చెప్పలేదు. బట్టలు మడతపెడుతూ, "మా ఆస్పత్రిలో ఎక్స్‌రే ఏదో పందెం ఆడుతున్నాడండీ. అందరికంటే ఎక్కువ పాయింట్లు వేసే ఎనిమిది మందిని ఏరుకుంటే ఇక గెలుపు తనదేనంటున్నాడు. నిజమేగా?" అన్నాను.

"వాడొక వెర్రిమాలోకం."

"అదేంటండీ పాపం!"

"ప్లేఆఫ్ అంటే ఏమిటి? రెండేసి జట్లు వరసగా కొన్ని ఆటలు ఆడతాయి, ఓడిన జట్టు ఇంటికి పోతుంది. జట్టుతో పాటు వాడు ఎంచిన మహావీరుడూ ఇంటికి పోతాడు. నాలుగు ఆటలు ఆడి ఇంటికెళ్ళేవాడు ఎంత వేస్తే ఏం? చివరిదాకా ఉండేవాడు మామూలువాడైనా వాణ్ణి దాటిపోతాడు. మనిషిని చూసే ముందు, వాడి జట్టు ఎన్ని ఆటలు ఆడుతుందో చూడాలి."

అది నాకు ఇట్టే అర్థమైంది. ఒక్క గౌను అద్భుతంగా కుట్టి నెలంతా సెలవు పెట్టేదానికంటే, వంకర కుట్టు వేసినా రోజూ వచ్చేదే మా గదికి మేలు.

ఇంకా చెప్పారు. ఈసారి ఆకుపచ్చ జట్టు, నీలం జట్టు గట్టివట. చెరో వైపు ఉన్నాయి కాబట్టి ఫైనల్లో తప్ప ఒకదాన్నొకటి కొట్టుకోవు. ఆ రెండింట్లోంచే నింపుకోవాలట. అందులోనూ అందరూ ఎగబడే పెద్దపేరు వాళ్ళతోనే నింపితే అందరితో సమానంగా ఉంటాం గానీ ముందుకు పోమట. ఒకరిద్దరు ఎవరూ చూడనివాళ్ళుండాలి.

"ఎవరూ చూడనివాళ్ళు ఎవరుంటారండీ?" అన్నాను, దుప్పటి అంచులు సరిచేస్తూ.

"నీలం జట్టులో బంతిని ముందుకు తెచ్చి అందరికీ అందించేవాడి చెయ్యి బెణికింది. వాడి బదులు గుండువాడు ఆడతాడు. వాడి చేతినిండా బంతే." అని ఆగి, "నీకెందుకివన్నీ?" అన్నారు.

"నాకెందుకండీ. ఊరికే" అన్నాను.

ఏప్రిల్ 11

ఈ రోజు అద్భుతం జరిగింది.

"బంతి పట్టుకుని ఎన్ని అడుగులు వేస్తే ఏముందండీ, చేతిలో ఉన్నది తనదేగా" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డారు. "ఇలా చూడు. ఈ కాలు నేలకు మేకు కొట్టినట్టుండాలి. ఇంకో కాలు ఎటైనా తిప్పుకో. ఈ కాలు లేచిందా, ట్రావెలింగ్!" అని సోఫా దిండు బంతిలా పట్టుకుని ఒంటికాలి మీద తిరిగారు. ఆపరేషన్ చేసిన కాలు వంగింది! ఫిజియో అమ్మాయి బతిమాలితే వంగనిది ట్రావెలింగ్‌కి వంగింది.

"నాకింకా అర్థం కాలేదండీ" అన్నాను.

మళ్ళీ చేసి చూపించారు.

"ఈ పక్కకి తిరిగితే?"

మళ్ళీ.

వంటింట్లోకి వెళ్ళి చేతులు జోడించి కాసేపు నిలబడ్డాను. ఇది అబద్ధమా? నాకు అర్థం కాలేదన్నాను. అర్థమైంది. అయితే ఇంకా బాగా అర్థమయ్యే చోటు ఉండే ఉంటుందిగా. అంచేత అబద్ధం కాదు.

ఏప్రిల్ 13

రేపే కాగితం ఇవ్వాలి. అమ్మకు ఫోన్ చేసే అతన్ని తీసేశాను, మనసులో క్షమాపణ చెప్పుకున్నాను. గుండువాణ్ణి చేర్చాను. ఒంటె ఉన్నాడు. మొత్తం నలుగురు ఆకుపచ్చ, ముగ్గురు నీలం.

ఎనిమిదోవాడు దేవుణ్ణి చూపించే ఊదా కుర్రాడు. ఊదా జట్టు మొదటి మెట్టు దాటదని ఆయన అననే అన్నారు. కానీ అంతమందిలో, అంత చప్పుడులో దేవుణ్ణి తలుచుకునేవాణ్ణి పాయింట్ల కోసం నేనెలా వదిలేస్తాను? ఉండనీ.

ఏప్రిల్ 14

ఇచ్చేశాను. ఎక్స్‌రే నా కాగితం చూసి, "గుండువాడా! ఎవరక్కా వీడు, మీ తమ్ముడా?" అని నవ్వాడు.

చిన్నక్క వెంటనే, "నవ్వు నాయనా నవ్వు. పళ్ళు ఉన్నప్పుడే నవ్వాలి" అంది.

పోటీ కోసం అడగాల్సినవి అయిపోయాయి. ఇక ఈ తెలియనట్టు నటించడం మానేయొచ్చు. మోకాలి కోసం మాత్రం కొన్నాళ్ళు కొనసాగించాలి. పూర్తిగా మోకాలి కోసమే.

ఏప్రిల్ 16

"ఎదుటివాణ్ణి ఆపేవాళ్ళు కుర్చీ లేని చోట కూర్చున్నట్టు నిలబడతారెందుకండీ? నడుము నొప్పా?" అని అడిగాను. అలా కూర్చుని చూపించారు. గోడకు వీపు ఆనించి మరీ. చెమటలు పట్టాయి. నేను మూడుసార్లు అర్థం చేసుకోలేదు.

ఏప్రిల్ 22

ఊదా జట్టు ఇంటికి పోయింది. నా కుర్రాడు ఆఖరి బుట్ట వేసి కూడా వేలు పైకెత్తాడు. కళ్ళు చెమర్చాయి.

ఎక్స్‌రే ఎంచుకున్న మహావీరుడు కూడా అదే జట్టు. అతని మొహం చూడాలి! తడిసిన ఎక్స్‌రే ఫిల్ములా ఉంది. నవ్వకూడదని పెదవి కొరుక్కున్నాను.

కుట్టు గది మూడో స్థానంలో ఉంది. ఇప్పుడు ఇంట్లో రోజూ టీవీలో ఆట నడుస్తోంది. ఆయనే పెడుతున్నారు. "నీకు తెలియదుగా, చూస్తే తెలుస్తుంది" అంటున్నారు. నేను బొత్తాలు కుట్టుకుంటూ చూస్తాను. పెద్ద ఆసక్తి ఏమీ లేదు. నిన్న ఒక గౌనుకు బొత్తాలన్నీ లోపలి వైపు కుట్టాను.

ఏప్రిల్ 29

కొంప మునిగింది.

ఆకుపచ్చకీ ఎరుపుకీ ఆట. చివరి క్షణాలు. ఎర్ర చొక్కావాడు దూసుకొచ్చి మా ఒంటెను గుద్దాడు. ఈల మోగింది. ఆయన తాపీగా, "బ్లాకింగ్. మన ఒంటెదే తప్పు, అడ్డం వెళ్ళాడు" అన్నారు.

నాకేం పూనిందో తెలియదు. లేచి నిలబడి, "బ్లాకింగేంటండీ! ఛార్జింగ్! ఒంటె కాళ్ళు రెండూ నేలకు ఆనించి ముందే నిలబడ్డాడు. కదిలింది ఎర్రవాడు! కళ్ళు కనిపించడం లేదా!" అని అరిచాను. పక్కింటి కుక్క మొరిగింది.

ఒళ్ళో బొత్తాలన్నీ నేల పాలయ్యాయి. ఆయన నన్నే చూస్తున్నారు. రోజూ రీబౌండ్ అంటే ఏంటండీ అని అడిగే మనిషిని. నేను వంగి బొత్తాలు ఏరుకోవడం మొదలుపెట్టాను. టీవీ కట్టేసి లోపలికి వెళ్ళిపోయారు.

ఏప్రిల్ 30

మాట్లాడలేదు.

మే 1

మాట్లాడలేదు. టీవీ పెట్టలేదు. బఠాణీలు నేనే ఒలిచాను.

మే 2

ఫిజియో అమ్మాయి వచ్చింది. ఆయన గది తలుపు వేసుకున్నారు, ఒంట్లో బాగా లేదని లోపలి నుంచే అన్నారు. ఆ అమ్మాయి మొహం మాడిపోయింది. "ఆంటీ, మోకాలు ఇప్పుడే తొంభై డిగ్రీలు దాటి వంగుతోంది. వారం ఊరుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది" అంది.

చేసిందంతా నేనే. చిన్నపిల్లాణ్ణి ఆడించినట్టు ఆడించానని ఆయన మనసు విరిగింది. గెలుపు వద్దు, సెలవూ వద్దు, రేపు పొద్దున్నే చెప్పేస్తాను.

మే 3

చెప్పేశాను. టీ చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"నేనూ ఆ పోటీలో ఉన్నానండీ. మీ చేత చెప్పించుకోవాలని తప్పులు మాట్లాడాను. తర్వాత మీ మోకాలు వంగుతుందని ఇంకా మాట్లాడాను. నన్ను క్షమించండి."

ఆయన టీ ఊదుకుని, "తెలుసు" అన్నారు.

"ఎప్పట్నుంచి?"

"నలభై పాయింట్లన్న మర్నాటి నుంచి. ఇరవయ్యేళ్ళు నా పనేమిటనుకున్నావ్? దెబ్బ తగలకుండానే అమ్మో అని కింద పడేవాళ్ళని పట్టుకోవడం. నీ అంత అధ్వానంగా పడేవాళ్ళని నేను చూళ్ళేదు."

"మరి ఈల వెయ్యలేదేం?"

"ఆట బాగుంది" అన్నారు.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "మరి ఈ మూడు రోజులూ ఎందుకండీ ఆ మౌనం?"

గ్లాసు పక్కన పెట్టారు. "నువ్వన్నదే నిజం. అది ఛార్జింగే. మర్నాడు పేపర్లో ఫొటో వేశారు, వాడి కాళ్ళు రెండూ ఆనే ఉన్నాయి. నా కన్ను తప్పింది. సంఘం వాళ్ళు గడియారం ఇచ్చి పంపింది ఊరికే కాదు అనిపించింది. ఇక మోకాలు వంగినా దండగే అనుకున్నా."

అదా! నేను నా తప్పనుకుంటే, ఆయన తన తప్పనుకుంటున్నారు. మూడు రోజులుగా ఇద్దరం చెరో గదిలో గుమ్మడికాయల దొంగల్లా భుజాలు తడుముకున్నాం.

నాకు ఉన్నట్టుండి ఆ క్షణం గుర్తొచ్చింది. "ఏమండీ, ఈల మోగినప్పుడు మీరు తెర వైపు చూడటం లేదు. నా వైపు చూస్తున్నారు."

"నీ వైపెందుకు చూస్తాను?"

"నేను పిన్నీసు పళ్ళ మధ్య పెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాను. మింగేస్తావే అని మీరు అనబోయారు. అప్పుడే గుద్దాడు. మీరు చూడని దానికి తీర్పు చెప్పారు. కన్ను తప్పడం కాదు అది, పరధ్యానం."

ఆయన ఆలోచించారు. రిఫరీ గారు విచారణ జరుపుతున్నట్టు చాలా గంభీరంగా ఆలోచించారు.

"అవును. పిన్నీసు" అన్నారు.

తర్వాత, "పరధ్యానం ఇంకా పెద్ద తప్పు" అని నవ్వారు. ఆ నవ్వు చూసి ఎంత కాలమైందో.

మే 4

ఫిజియో అమ్మాయికి కబురు పెట్టమన్నారు. ఆయనే!

మే 12

ఫైనల్ ఆకుపచ్చకీ నీలానికీ. ఆయన అన్నట్టే. నేను రెండో స్థానంలో ఉన్నాను. ఇంటికెళ్ళిన ఊదా కుర్రాడి బదులు రేపటిలోగా ఒకరిని చేర్చుకోవచ్చు.

"ఎవర్ని తీసుకోనండీ?" అని మొదటిసారి సూటిగా అడిగాను.

"నాకేం తెలుసు. ఆకుపచ్చ జట్టు పెద్దాయన్ని తీసుకో, పేరున్నవాడు" అన్నారు.

"ఆయన్ని అందరూ తీసుకున్నారండీ! తీసుకుని ఏం లాభం, అందరితో పాటే ఉంటాను. పైగా గుండువాడు ఆయన్ని అంటిపెట్టుకుని కదలనివ్వడు. అప్పుడు బంతి, అదే జట్టులో మూల నిలబడే పిల్లిగడ్డం వాడి దగ్గరికి పోతుంది. వాణ్ణి ఎవరూ రాసుకోలేదు..." అంటూ అంటూ ఆగిపోయాను.

ఆయన గోడకు వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చుని ఉన్నారు. మోకాలు చక్కగా మడిచి. నా వైపు చూడకుండా, "ఓహో. నాకు తెలియదు సుమా" అన్నారు.

పిల్లిగడ్డాన్ని రాసిచ్చాను.

మే 24

ఆఖరి ఆట ఆస్పత్రి క్యాంటీన్లో అందరం కలిసి చూశాం. ఆయన వస్తానన్నారు. మెట్లు దిగారు, ఎక్కారు. క్యాంటీన్ బల్లలు తెలిసిందే, బెంచీ బల్లకే అతికించి ఉంటుంది. సందు ఇరుకు. కాలు చాపుకుని కూర్చునేవాళ్ళకి అందులో చోటుండదు. నేను విడిగా ఒక కుర్చీ తెద్దామని లేచాను. తిరిగి చూసేసరికి ఆయన ఆ సందులోకి జారి, మోకాళ్ళు రెండూ సమంగా వంచి, చిన్నక్క పక్కన కూర్చుని ఆమె బిస్కట్లు తింటున్నారు. కుర్చీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"ఏమే, ఆ కుర్చీ నెత్తిన పెట్టుకుంటావా ఏంటి?" అంది చిన్నక్క.

పిల్లిగడ్డం మూల నుంచి వేస్తూనే ఉన్నాడు. నేను ఎన్నిసార్లు అరిచానో నాకు గుర్తు లేదు. చిన్నక్క గుర్తు పెట్టుకుంది, చాలామందికి చెప్పింది కూడా.

ఎక్స్‌రే లెక్కలు చదివాడు. అతనిది ఐదో స్థానం. "రెండో స్థానం, కుట్టు గది!" అన్నాడు. మా వాళ్ళు బల్లలు చరిచారు. మొదటి స్థానం ఎవరంటే, ఫిజియో అమ్మాయి!

నేను నోరు తెరిచాను. ఆ అమ్మాయి ఆయన వైపు చూసి నాలుక కరుచుకుంది. "సారీ ఆంటీ. అంకులే చెప్పారు. ఎవర్ని రాసుకోమంటారు అని అడిగాను. ఆయన చెప్పిన ఒక్కో పేరు రాసుకోవాలంటే పదిసార్లు మోకాలు వంచాలని షరతు పెట్టాను."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు.

"ఆ అమ్మాయి నోరు తెరిచి అడిగింది, చెప్పాను. నువ్వు అడగలేదుగా" అన్నారు ఆయన, అమాయకంగా.

"ముందే అడిగితే చెప్పేవారా?"

బిస్కట్ నములుతూ ఆలోచించారు. "చెప్పేవాణ్ణి కాదేమో."

ఇంటికొస్తూ దారిలో, "నీ ఊదా కుర్రాణ్ణి మొదట్లోనే వదిలేసుంటే గెలిచేదానివి" అన్నారు.

"దేవుణ్ణి చూపించేవాణ్ణి ఎలా వదిలేస్తానండీ."

"దేవుణ్ణా? వాడు చూపించేది పైనున్న స్కోరు బోర్డుని!"

అయినా సరే. చూపించింది ఏదైనా, నేను చూసింది దేవుణ్ణే.

జూన్ 2

సంఘం వాళ్ళు ఫోన్ చేశారు. ఆడపిల్లల బడిలో కొత్తగా రిఫరీలుగా చేరినవాళ్ళకు సాయంత్రాలు నేర్పాలట. ఆయన, "చూద్దాం" అని ఫోన్ పెట్టేసి, బూట్లకు పాలిష్ వేసుకుంటూ కూర్చున్నారు.

అదే బూటుకు మళ్ళీ మళ్ళీ పాలిష్ వేస్తుంటే చూడలేక, "అవునండీ, ఐదో ఫౌల్ చేసినా ఆడనిస్తారుగా?" అన్నాను.

"ఆడనివ్వరు!" అని ఉరిమి, అప్పుడు నా మొహం చూసి నవ్వి, బూట్లు తొడుక్కుని వెళ్ళారు. మెట్ల మీద చప్పుడు రెండు కాళ్ళదీ ఒకేలా వినిపించింది.

ఇక రాయాల్సిన అవసరం లేదు. ఈ పేజీలు ఎవరి చేతిలో పడినా చించకండి, దాచండి. చదివినా ఎవరికీ చూపకండి. ఎక్స్‌రేకి అసలే వద్దు, ఇందులో ఎంచుకునే కిటుకంతా ఉంది. ఆయనకు కూడా చూపకండి. ఆ ఆటలో నాకు తెలియనిదంటూ ఇప్పుడేమీ లేదని ఆయనకు తెలుసు. అయినా సాయంత్రం ఇంటికొచ్చి చెబుతుంటారు, నేను అడుగుతుంటాను. అది కాగితం మీద చూస్తే ఇద్దరికీ సిగ్గేస్తుంది.